గాలి పరుపు మంచిదే, కరెంటు ఉన్నంతసేపూ

కదల్లేనివాళ్ళకి ఒంటి మీద పుండ్లు పడకుండా వేసే ఈ బుడగల ఎయిర్ బెడ్ గురించి రెండేళ్ళ కిందట కనపడ్డవాళ్ళందరికీ నేనే చెప్పాను, ఇంకేం ఆలోచించకుండా కొనేయండి అని. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు గానీ, దాని పంపు మీద మాత్రం నాకు కోపం ఉంది.

మంచాన పడ్డవాళ్ళని ఇంట్లో ఉండి చూసుకోవడం నా పని. మాది సఖినేటిపల్లి వైపు, పని నరసాపురం వైపు, వారానికోసారి రేవులో పంటెక్కి ఇంటికి పోయొస్తాను. నేను చూసుకునే మామ్మగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా కాస్త ముద్దగా వస్తుంది. మస్కట్‌లో ఉండే అబ్బాయిగారు 2024 సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ పరుపు కొనిచ్చి వెళ్ళారు. బుడగలెన్ని, పంపు ఎన్ని వాట్లు లాంటివి పెట్టె మీదే రాసుంటాయి, వదిలేస్తున్నా.

మొదటి నెల బ్రహ్మాండం. నడుం కింద ఎర్రబడి ఉన్న చోటు పది రోజుల్లో మామూలైపోయింది, అది చూసే అంత పొగిడాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పది రోజులూ భయంతో రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెడుతూనే ఉన్నాను, పేరు మాత్రం పరుపుకొచ్చింది. ఆ తర్వాత ఒక వారం, పరుపు ఉందిగా అని రాత్రిళ్ళు తిప్పడం తగ్గించేసరికి కుడి మడమ ఎర్రబడింది, వేలితో నొక్కినా తెల్లబడలేదు, అంటే పుండుకి దారి తీస్తోందన్నమాట. అప్పట్నుంచి పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చూస్తున్నాను, తిప్పడం మళ్ళీ మామూలే. పరుపు వచ్చింది కదా అని రాత్రి నిద్ర దొరుకుతుందనుకోకండి.

ఇంకో చిన్న తంటా, మామ్మగారిది పాతకాలం పందిరి మంచం. పంపుకి ఉన్న కొక్కేలు ఆ లావు పట్టెకి పట్టవు, కొబ్బరి తాడుతో కట్టాం, రెండేళ్ళుగా అలాగే వేలాడుతోంది. అదేం పెద్ద విషయం కాదు.

అసలు సంగతి 2025 అక్టోబరు 28 రాత్రి, మొంథా తుపాను మా వైపు తీరం దాటినప్పటిది. కరెంటు సాయంత్రమే పోయింది. ఇన్వర్టరు ఉంది గానీ బ్యాటరీ ముసలిది, పదింటికల్లా చేతులెత్తేసింది. ఈ పరుపులో బుడగలు రెండు జట్లు, ఒక జట్టు నిండితే ఇంకోటి వదులవుతుంది, పది నిమిషాలకోసారి అటూ ఇటూ మారతాయి. కరెంటు పోతే ఆ మారడం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, ఉన్న గాలేమో పంపులోంచే మెల్లగా బయటికి పోతుంది. పరుపు కిందకి అరచెయ్యి పోనిచ్చి చూస్తే నడుం ఎముక చేతికి తగిలేలా ఉంది. నాకు తెలిసిన చిట్కా ఒక్కటే, ట్యూబులు రెండూ పంపు నుంచి లాగి, మడిచి రబ్బరు బ్యాండు వేయడం. వేశాను, గాలి ఆగింది, హమ్మయ్య అనుకున్నాను.

గంట పోయాక పక్కకి తిప్పి టార్చి వేస్తే వీపు మీద గుండ్రంగా అచ్చులు! నిండిన జట్టు నిండినట్టే ఉండిపోయింది కదా, బరువంతా ఆ బుడగల మీదే పడింది. తుడుస్తుంటే నా చేతులు వణికాయి.

పక్కింటి బాబాయిగారికి రొయ్యల చెరువులున్నాయి, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే సరుకంతా పోతుందని ఆ వానలోనే జనరేటరు దగ్గర కాపలా ఉన్నారు. డీజిల్ కోసం ఇంటికొచ్చి, మా కిటికీలో వెలుగు చూసి లోపలికొచ్చారు. మామ్మగారు ఆయన్ని చూసి, "రొయ్యలకి జనరేటరా, నాకేమో కొవ్వొత్తా ఒరేయ్" అన్నారు ముద్దమాటల్లోనే. ఆయన నవ్వలేదు. ట్యూబుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెరువు దగ్గర గాలి పైపులు కలిపే ప్లాస్టిక్ ముక్క ఒకటి తెచ్చి, ఈ రెండు ట్యూబుల మూతులూ ఒకదానికొకటి కలిపేశారు. నిండిన జట్టులో గాలి రెండోదాంట్లోకి సర్దుకుని పరుపంతా ఒకే మెత్తగా అయింది. గట్టిగా లేదు గానీ, కింద దూది పరుపు కూడా ఉంది కాబట్టి ఎముక అడుక్కి తగల్లేదు. కరెంటు మూడో రోజు వచ్చింది, అప్పటిదాకా గంటకోసారి తిప్పుతూనే ఉన్నాను, ఒళ్ళు ఎక్కడా చిట్లలేదు.

కంపెనీవాళ్ళు పెట్టెలో చిల్లులకి అతికించే ముక్కలు ఇచ్చారు, పిల్లి గోళ్ళ పుణ్యమా అని అవి రెండు వాడాను కూడా. అదే పెట్టెలో ఈ ముక్క ఒక్కటి వేస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

ఎండాకాలం వీపుకి చెమట పడుతుంది, పలచటి నూలు దుప్పటి ఒక్కటే వేయండి, మందంగా బొంతలు పరిస్తే బుడగలు ఉన్నా లేనట్టే. పంపు మోత మాకు అలవాటైపోయింది, ఆగితేనే మెలకువ వస్తుంది.

మామ్మగారు నలభై రెండు కిలోలు, నేను రాత్రీ పగలూ ఇంట్లోనే ఉంటాను, కాబట్టి మాకు ఇది నడుస్తోంది, పాడైతే మళ్ళీ ఇదే కొనమంటానేమో కూడా. మనిషి భారీగా ఉంటే బుడగలది కాదు, బుడగల చోట గాలి గొట్టాలు వరసగా ఉండే లావు రకం చూడండి. రాత్రి తిప్పే మనిషి లేని ఇంటికైతే నేను దేన్నీ సిఫారసు చెయ్యను. కొనేవాళ్ళు మాత్రం కొట్లోనే పంపు ట్యూబుల మూతులు ఊడదీసి చూపించమని అడగండి, వాటిని కలిపే ముక్క ఇస్తారేమో చూడండి. మా ముక్క మామ్మగారి తమలపాకుల పెట్టెలో ఉంది, దాన్ని మాత్రం అడక్కండి.