జాగ్రత్త: పులికాట్–నేలపట్టు "చలికాలం ప్రకృతి క్యాంపు"కి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి

సంక్రాంతి సెలవులు దగ్గరపడుతుంటే వాట్సాప్ గ్రూపుల్లో ఈ పోస్టర్లు తిరగడం మొదలవుతుంది. పిల్లలకు ప్రకృతి పాఠాలు, వేలాది రాజహంసలు (ఫ్లెమింగోలు), నిపుణుడైన గైడు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) సందర్శన, చివర్లో సర్టిఫికెట్. హైదరాబాద్ నుంచీ చెన్నై నుంచీ కుటుంబాలు తలకింత అని కట్టి బయల్దేరుతున్నాయి. తీరా అక్కడ జరిగేది చాలాసార్లు ఇదీ: బస్సు సూళ్లూరుపేట చేరేసరికి పదకొండు దాటుతుంది. బస్సెడు జనానికి ఒక్క గైడు, రెండు బైనాక్యులర్లు. పులికాట్ సరస్సులో ఎక్కడో దూరాన తెల్లటి చుక్కలు. శ్రీహరికోట గేటు దగ్గర బస్సును వెనక్కి తిప్పేస్తారు. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో ఒక గంట, భోజనం, గ్రూప్ ఫోటో, అంతే. డబ్బు సంగతి అడిగితే "పక్షులు మా చేతిలో లేవు కదండీ" అంటారు.

పక్షులు ఎవరి చేతిలోనూ లేవు, నిజమే. కానీ ఏ వేళకు తీసుకెళ్లాలి, నీళ్లు ఎంత ఉన్నాయో కనుక్కోవడం, చూడటానికి సరైన పరికరాలు పెట్టడం, ఈ మూడూ నిర్వాహకుల పనే. మనం డబ్బు కట్టేది వీటికే.

ముందు వేళ సంగతి. జనవరి నడిమధ్య అక్కడ సూర్యోదయం ఇంచుమించు 6:35కి. సూళ్లూరుపేటలో రాత్రి బస చేసి ఆరింటికల్లా బండెక్కితేనే, సరస్సు మీదుగా శ్రీహరికోటకు పోయే షార్ రోడ్డు మీద మంచి సమయం దొరుకుతుంది. పది దాటితే బురదనేల వేడెక్కి గాలి అలల్లా కదులుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన స్కోపు (దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే దుర్భిణి) పెట్టినా పక్షి వణుకుతున్నట్టే కనిపిస్తుంది, ముక్కు రంగు కూడా తెలియదు. ఇంకో చిన్న విషయం: ఈ రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు వెళుతుంది, చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది, దక్షిణాన ఉన్నవి నల్లటి నీడల్లా ఉంటాయి. తెలిసిన గైడు బస్సును ఏ వైపు ఆపాలో ముందే డ్రైవరుకు చెబుతాడు. నేలపట్టుకు సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లాలి. మేతకు పోయిన పక్షులు గూళ్లకు తిరిగొచ్చే వేళ అది. కార్యక్రమంలో "ఉదయం 11: పులికాట్, మధ్యాహ్నం 2: నేలపట్టు" అని రాసి ఉంటే ఆ ప్యాకేజీ భోజనాల చుట్టూ అల్లినదని అర్థం.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. రాజహంస తల కిందికి వంచి, ముక్కుతో నీటిని వడకట్టి తింటుంది. దానికి లోతు తక్కువ నీళ్లు కావాలి. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా గట్టిగా కురిస్తే రోడ్డు పక్కన నీళ్లు లోతుగా నిలిచి, గుంపులు పలచటి నీళ్లు వెతుక్కుంటూ దూరం జరుగుతాయి. వానలు ముఖం చాటేస్తే నేలపట్టు చెరువులో నీళ్లుండవు, నీళ్లలో మునిగి నిలబడే చెట్ల మీద గూళ్లూ సరిగా పడవు. అందుకే నాలుగు నెలల ముందే తేదీ ఖాయం చేసి, "మార్చం, వాపసు లేదు" అనేవాళ్లను చూస్తే అనుమానించాలి. బయల్దేరే ముందు వారంలో షార్ రోడ్డు మీది అటకానితిప్ప దగ్గర ఎంత నీరుంది, గుంపులు ఎటువైపు ఉన్నాయి అని అడగండి. రోజూ అక్కడ తిరిగే మనిషితో సంబంధం ఉన్నవాళ్లు వెంటనే చెబుతారు. లేనివాళ్లు మళ్లీ పోస్టరే పంపుతారు.

ఆ పోస్టరును కూడా ఒకసారి నిదానంగా చూడండి. ముదురు గులాబీ ఒళ్లు, నల్లెరుపు ముక్కు ఉన్న పక్షులు లక్షల్లో ఉంటే అది ఆఫ్రికా సరస్సుల ఫోటో అయ్యే అవకాశమే ఎక్కువ. పులికాట్‌లో ఎక్కువగా కనిపించేది పెద్ద రాజహంస: ఒళ్లు తెలుపులో లేత గులాబీ, ముక్కు లేత గులాబీ, కొన మాత్రం నలుపు. అసలు రంగు రెక్క విప్పినప్పుడే బయటపడుతుంది. ఆ రెక్కల కోసమే కొందరు గైడ్లు పిల్లల చేత అరిపిస్తారు, రాళ్లు వేయిస్తారు, బురదలోకి దింపి గుంపును లేపుతారు. తిండి మానేసి ఎగరాల్సి రావడం ఆ పక్షికి నష్టం, దిగబడే బురదలో పిల్లలకు ప్రమాదం. ఇది చేసేవాళ్లు "ప్రకృతి విద్య" అని బోర్డు పెట్టుకోవడం మరీ విడ్డూరం.

గైడును పరీక్షించడానికి ఫోన్లో ఒక్క ప్రశ్న చాలు: "నేలపట్టు గూడబాతులు ఎక్కడి నుంచి వస్తాయండీ?" సైబీరియా అన్నారంటే అక్కడితో ఆపేయండి. గూడబాతు (పెలికాన్), నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ, తెల్ల కంకణం, నీటికాకి, ఇవన్నీ మన దేశంలోనే నీళ్లనుబట్టి చోటు మారుతూ గూళ్లు కట్టే పక్షులు. ఇలాగే ఈ పక్షులు గూళ్లు కట్టే ఉప్పలపాడులో, తేలినీలాపురంలో కూడా జనం వీటిని సైబీరియా పక్షులనే అంటారు. ఊరివాళ్లు అంటే అది వాడుక మాట, డబ్బు తీసుకుని పాఠం చెప్పేవాళ్లు అంటే తెలియనితనం. ఉత్తరాది దూరదేశాల నుంచి నిజంగా వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి మన దగ్గర గుడ్లు పెట్టవు, చలికాలం గడిపి పోతాయి.

పరికరాల విషయంలో "బైనాక్యులర్లు ఇస్తాం" అన్న మాట చాలదు, నంబరు అడగాలి. 8×42 అంటే ఎనిమిది రెట్లు, ముందు గాజు 42 మిల్లీమీటర్లు. 42ని 8తో భాగిస్తే అయిదు పైచిలుకు వస్తుంది, కంటికి చేరే వెలుగు వలయం వెడల్పు మిల్లీమీటర్లలో అంత; తెల్లవారుజామున కంటికి ఆ మాత్రం వెలుగు కావాలి. జాతరల్లో దొరికే 8×21 రకానికి అదే లెక్క వేస్తే రెండున్నర వస్తుంది, మసక వెలుతురులో బొమ్మ చీకటిగా ఉంటుంది. ఇద్దరికి ఒక బైనాక్యులర్, పదీ పన్నెండు మందికి ఒక గైడు, ట్రైపాడ్ మీద 20–60 రెట్ల స్పాటింగ్ స్కోపు ఒకటి. దీనికంటే తగ్గితే నేర్పడం కుదరదు. స్కోపు లేకుండా పులికాట్ చూపిస్తామనేవాళ్లకు డబ్బు కట్టకండి. పిల్లల ఎత్తుకు దించగల ట్రైపాడా కాదా అని కూడా అడగండి, చాలాచోట్ల పెద్దవాళ్లు చూసేసరికే వేళ అయిపోతుంది.

అనుమతుల పేరుతో జరిగే మోసం వేరు. షార్‌లోకి ప్రైవేటు క్యాంపు బస్సును ఊరికే వదలరు. రాకెట్ ప్రయోగం చూసే గ్యాలరీకి ముందుగా ఇస్రో దగ్గర ఆన్‌లైన్లో ఎవరి పేరు వాళ్లు నమోదు చేసుకోవాలి. "షార్ సందర్శన" అని రాస్తే అనుమతి పత్రం చూపించమనండి. అభయారణ్యం లోపల టెంట్లు, రాత్రి మంటలు, డ్రోను అని ఊరిస్తే అది ఆకర్షణ కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అనుమతి లేకుండా లోపల ఉండటమే నేరం, గూళ్లనూ గుడ్లనూ చెదరగొట్టడం ఇంకా పెద్ద నేరం. కేసు పడితే లోపల దొరికిన మీరూ ఇరుక్కుంటారు. పడవ ఎక్కిస్తామంటే తలకొక లైఫ్ జాకెట్, పిల్లల సైజువి విడిగా ఉన్నాయా అని తేల్చుకోండి. ఫ్లెమింగో ఫెస్టివల్ ప్రభుత్వం జరిపేది, దానికి "ప్రత్యేక ప్రవేశం" అమ్ముతున్నారంటే ఏం అమ్ముతున్నారో గట్టిగా అడగాలి. అసలు పక్షుల్ని నేర్చుకోవడానికి ఆ మైకులూ జనమూ ఉన్న రోజులు పనికిరావు.

డబ్బు ఎవరి సొంత నంబరుకో యూపీఐలో పంపకండి, సంస్థ పేరుతో రసీదు అడగండి. జీఎస్‌టీ నంబరు ఇస్తే 15 అక్షరాలూ జీఎస్‌టీ వెబ్‌సైటులో కొట్టి చూడండి. మొదటి రెండంకెలు ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, తమిళనాడుకు 33. చిన్న నిర్వాహకులకు ఈ నంబరు లేకపోవచ్చు, అంతమాత్రాన మోసం కాదు. కానీ బిల్లు మీద జీఎస్‌టీ వసూలు చేస్తూ నంబరు ఇవ్వకపోతే అది మోసమే.

ఇప్పటికే కట్టి నష్టపోయినవాళ్లు పోస్టరు, కార్యక్రమం, చాట్, చెల్లింపు స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. బస్సు చేరిన వేళ, ఎంతమందికి ఎన్ని బైనాక్యులర్లు వచ్చాయన్నది తోటి కుటుంబాల పేర్లతో కాగితం మీద పెట్టండి. "పక్షులు కనబడలేదు" అని ఫిర్యాదు చేస్తే నిలబడదు. "ఆరింటికి అని చెప్పి పదకొండుకు తీసుకెళ్లారు, స్కోపు అని రాసి తేలేదు, అనుమతి లేని షార్ సందర్శన అమ్మారు" అంటే నిలబడుతుంది, సేవాలోపం అంటే అదే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. దారికి రాకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. 5 లక్షల లోపు చెల్లింపులకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు.