నెల్లూరులో రోజువారీ బండిగా లాన్సర్ ఎవల్యూషన్ టెన్

వెంకటాచలం టోల్ గేటు దగ్గర ఆగితే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, లాన్సర్‌కి ఆ వెనక రెక్క ఎక్కడ పెట్టించారు?" వాళ్ల తప్పేం లేదు. మన దగ్గర లాన్సర్ అంటే ఒకప్పటి డీజిల్ లాన్సరే. నాది మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ టెన్. జపాన్‌లో తయారై పూర్తి బండిగా ఓడలో దిగింది. చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మూడేళ్లు దాటిన పాత కారును బయటి దేశం నుంచి తెప్పించుకోడానికి మన రూల్స్ ఒప్పుకోవు కాబట్టి, కాగితాలు సరిగ్గా ఉన్న బండిని ఇక్కడే వెతుక్కోవాలి. తమిళనాడు ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ తతంగం మొదలుపెడితే అదే ఒక పురాణం, వదిలేస్తున్నా.

నాది రొయ్యల మేత వ్యాపారం. పొద్దున మాగుంట లేఅవుట్‌లో బయల్దేరితే ఇందుకూరుపేట, మైపాడు వైపు చెరువులు, పనిబడితే కావలి, ఒంగోలు. అంటే ఇది ఆదివారం షికారు బండి కాదు.

అందరూ అడిగేది స్పీడ్ గురించే కాబట్టి ముందు అది చెప్పేస్తా. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 300 హార్స్‌పవర్‌కి కాస్త తక్కువ, నాలుగు చక్రాలకూ పవర్. హైవే మీద లిమిట్ ఏమో 100. దానికితోడు రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టర్లు, డివైడర్ దాటొచ్చే బర్రెలు, నీళ్లు కార్చుకుంటూ పోయే రొయ్యల వ్యాన్లు. ఆ పవర్ నిజంగా అక్కరకొచ్చేది లారీని దాటేటప్పుడే. కాలు నొక్కగానే గేర్‌బాక్స్ తనే రెండు గేర్లు దిగుతుంది, టర్బో అందుకుంటుంది, చూసేసరికి లారీ అద్దంలో ఉంటుంది.

నాకు అంతకన్నా నచ్చింది ఒక బటన్. రోడ్డును బట్టి టార్మాక్ (తారు రోడ్డు), గ్రావెల్ (కంకర, మట్టి రోడ్డు), స్నో అని మూడు మోడ్‌లు. స్నో సంగతి నెల్లూరులో మంచు పడ్డ రోజు రాస్తా. గ్రావెల్ మాత్రం నాకు రోజూ పనే. చెరువుల దాకా పోయే రోడ్డు మీద, నవంబరు వానల్లో మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం జారబోతుంది. ఈలోపే వెనక రెండు చక్రాల మధ్య టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) పంపకం మారి, బండి సర్దుకోవడం సీట్లో కూర్చున్నవాడికి నడుము దగ్గర తెలుస్తుంది. 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగుసార్లు ఫిన్లాండ్ డ్రైవర్ టామీ మాకినెన్ లాన్సర్లతోనే ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. ర్యాలీల్లో వచ్చిన ఆ మట్టి రోడ్ల అనుభవమంతా ఇక్కడ పనికొస్తోంది.

ఇక బాధలు. బండి కింద ఎత్తు 140 మిల్లీమీటర్లకు అటూఇటూ. ఊళ్లలో జనం సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే బండిని ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రం ఎక్కించాలి. బండిలో నలుగురుంటే, నేను అడక్కముందే మా ఆవిడ "దిగమంటారా?" అంటుంది. వాన పడితే మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి, ఆత్మకూరు బస్టాండ్ అండర్ బ్రిడ్జి వైపు చూడను కూడా చూడను. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ముందు బంపర్ వెనకే ఉంది, నీళ్లలో దింపే బండి కాదిది. స్టోన్‌హౌస్‌పేట సందుల్లో యూటర్న్ అంటే లారీని తిప్పినట్టే, ఒక్కసారికి తిరగదు.

మే నెలలో, మధ్యాహ్నం పూట ట్రంకు రోడ్డు. గాంధీబొమ్మ దగ్గర ఆటోల వెనక నడక వేగంతో పోతుంటే, గేర్‌బాక్స్ వేడెక్కిందని డిస్‌ప్లే మీద "స్లో డౌన్" అని వచ్చింది. ఇంకెంత స్లోగా పోవాలి సామీ! పక్కకు తీసి చెరుకురసం తాగేలోపు చల్లబడింది. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ కదా, పాకిస్తే వేడెక్కడం సహజం. నెల్లూరు ఎండ దానికి తోడు.

బ్యాటరీ, అద్దం కడిగే నీళ్ల ట్యాంకు రెండూ డిక్కీలోనే పెట్టారు. వెనక సీటు మడవడానికి లేదు. మేత బస్తాలు రెండు పడితే గొప్ప, మూడోది ముందు సీట్లో కూర్చోవాల్సిందే. పెట్రోల్ లీటరుకు ఊళ్లో ఆరు కిలోమీటర్లు, హైవే మీద పది. 95 ఆక్టేన్ కన్నా తక్కువ రకం పెట్రోల్ పోయించను. చెన్నై పోయినప్పుడల్లా 100 ఆక్టేన్‌తో ట్యాంకు నింపుకుని వస్తా. 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన బండి కాదిది.

సర్వీసు ఇక్కడ ఎక్కడా వద్దు. ఒక గ్యారేజీలో కుర్రాడు మామూలు ఆటోమేటిక్ గేర్ ఆయిల్ డబ్బా మూత తీసి పోయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. దీనికి ప్రత్యేకంగా ఎస్‌ఎస్‌టీఎఫ్ అని వేరే ఆయిల్ ఉంది, తెప్పించుకోవాలి. ఇంజిన్‌తో మాత్రం టెన్షన్ లేదు. టైమింగ్ బెల్ట్ కాదు, చెయిన్. ఆయిల్ మాత్రం వేళకు మార్చాలి.

ఇంట్లో ఇంకో బండి ఉండి, చెన్నైలో నమ్మకమైన మెకానిక్ ఉంటేనే దీని జోలికి రండి. ఉన్న ఒక్క కారూ ఇదే అంటే వద్దు. కొనేటట్టయితే రంగు, రెక్క తర్వాత చూడొచ్చు, ముందు గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చిన బిల్లులు అడగండి. బిల్లులు లేవంటే, ఎంత తక్కువకిస్తామన్నా అడ్వాన్స్ ఇవ్వొద్దు.