కడపలో అమ్మకానికొచ్చిన 1984 ఐబనీజ్ రోడ్‌స్టార్ టూ: మొదటి ఓనరు దగ్గర కొంటే ఎంత పెట్టొచ్చు?

కొనొచ్చు. అయితే అడుగుతున్న 45 వేలకు కాదు, 36 వేలకు. ఆ తొమ్మిది వేలు ఎందుకు తగ్గాలో తెలియాలంటే గిటారు విప్పి చూడాలి.

వస్తువు ఐబనీజ్ రోడ్‌స్టార్ టూ, జపాన్ కంపెనీ ఐబనీజ్ ఎలక్ట్రిక్ గిటారు. మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను కరెంటుగా మార్చే ఒక్క చుట్ట భాగాలు), ఐదు స్థానాల స్విచ్చి, ట్రెమొలో బ్రిడ్జి (చెయ్యి పట్టి కదిపితే స్వరం ఊగే తీగల పీట), నాలుగు స్క్రూలతో బిగించిన నెక్. నెక్ ప్లేటు మీది సీరియల్ నంబరు హెచ్84తో మొదలవుతుంది. ఆ కాలపు ఐబనీజ్‌లలో మొదటి అక్షరం నెలను చెబుతుంది: ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. తర్వాతి రెండంకెలు సంవత్సరం. ఈ లెక్కన ఇది 1984 ఆగస్టు గిటారు, జపాన్‌లోని మాట్సుమొటోలో ఫూజీజెన్ ఫ్యాక్టరీ సరుకు. 1982లో అమెరికా గిటారు కంపెనీ ఫెండర్ వాళ్ళు జపాన్‌లో గిటార్లు చేయించడం మొదలుపెట్టినప్పుడు పని ఇచ్చింది కూడా ఈ ఫ్యాక్టరీకే. పనితనం విషయంలో అనుమానం అక్కర్లేదు.

సీరియల్ దగ్గర ఒక తిరకాసుంది. ఎఫ్ అక్షరంతో మొదలైతే తొందరపడొద్దు. 1987 నుంచి ఎఫ్ అంటే ఫూజీజెన్ అని అర్థం మారింది, దాని తర్వాతి ఒక్క అంకే సంవత్సరం. కాబట్టి ఎఫ్83 అని ఉంటే అది 1983 జూన్ అయినా కావచ్చు, 1988 అయినా కావచ్చు. మోడల్ పేరు చూసి తేల్చుకోవాలి. హెడ్‌స్టాక్ (నెక్ తల) మీద రోడ్‌స్టార్ టూ అని ఉంటే 1983వైపే మొగ్గాలి. ఇంకో సంగతి, పాత జపాన్ గిటారు కనబడితే చాలు 'లాసూట్ గిటారు', అంటే కేసుకెక్కిన గిటారు, అని రేటు పెంచేవాళ్ళున్నారు. అమెరికా గిటారు కంపెనీ గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్ ఐబనీజ్ మీద కేసు వేసింది 1977లో, అదీ హెడ్‌స్టాక్ ఆకారం గురించి. 1984 రోడ్‌స్టార్‌కీ ఆ కేసుకీ సంబంధం లేదు. ఆ మాట విని ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

కడపకు ఎలా వచ్చిందంటే, కువైట్ దారే. 1991కి ముందు జపాన్ గిటారు మన జిల్లా షాపుల్లో దొరికేది కాదు. రాయచోటి, రాజంపేట వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళు టేప్ రికార్డర్లతో పాటు తెచ్చుకున్నవే ఇప్పుడు బయటికొస్తున్నాయి. చర్చి క్వయర్లలో వాయించినవాళ్ళు, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో వాయించినవాళ్ళు, గుంతకల్లు రైల్వే కాలనీ పాత కుటుంబాలు: వెతకాల్సింది వీళ్ళ దగ్గరే. ఆర్కెస్ట్రాల్లోకి కీబోర్డు వచ్చాక చాలా గిటార్లు బీరువాల మీదికి ఎక్కాయి, మళ్ళీ దిగలేదు. కలెక్టరుకు అది అదృష్టమే. వాడని గిటారును ఎవరూ మార్పించరు.

పాత గిటారు ధరలో పెద్ద వాటా 'ఏమీ మార్చలేదు' అనే మాటది. ఆ మాట పూచీగా చెప్పగలిగేది మొదటి ఓనరు ఒక్కరే. అలాగని ఆయన అబద్ధమాడకపోయినా పొరపాటు పడతాడు. 35 ఏళ్ళ కిందటి రిపేరు ఎవరికి గుర్తుంటుంది? అందుకే "ఏమైనా మార్పించారా సార్?" అని అడిగితే లాభం లేదు. లేదనే అంటారు. "ఎప్పుడైనా సౌండు ఆగిపోయిందా సార్? అప్పుడు ఎవరికి చూపించారు?" అని అడగాలి. ఇక్కడ దానికొచ్చిన జవాబు: "ఒకసారి గరగర అంటా ఉన్నింది. రేడియో రిపేరాయప్ప చూసినాడులే." ఆ ఒక్క మాటతో సగం పరీక్ష అయిపోయినట్టే.

కాగితాల్లో అడగాల్సింది విమానాశ్రయం కస్టమ్స్ వాళ్ళిచ్చిన బ్యాగేజీ రసీదు. చాలామంది పాస్‌పోర్టుతో పాటు దాచుకునే ఉంటారు. అది లేకపోతే ఫొటో ఆల్బం. ఈ గిటారుకు రసీదు లేదు గానీ క్రిస్మస్ కార్యక్రమం ఫొటో ఒకటి ఉంది. అందులో మూడు నాబ్‌లూ ఒకటే రకం, అంచుకు రబ్బరు పట్టీ ఉన్న ఐబనీజ్ ష్యూర్ గ్రిప్ నాబ్‌లు. ఇప్పుడు గిటారు మీద అవి రెండే. వాల్యూమ్ దగ్గర ఉన్నది నల్లటి రేడియో నాబ్. నాబ్ మారిందంటే కింద పాట్ (నాబ్ తిప్పితే నిరోధం మారే భాగం) కూడా మారి ఉంటుందని అనుకోవాలి.

విప్పకుండానే దీన్ని పట్టుకోవచ్చు. గిటారుకు కేబుల్ పెట్టి, రెండో కొసన మల్టీమీటరు పెట్టాలి. ఒక ముల్లు ప్లగ్గు మొనకు, రెండోది ఒరకు. వాల్యూమ్ పూర్తిగా తెరిచి, స్విచ్చి ఒక్కో పికప్‌కి మారుస్తూ రీడింగ్ చూడాలి. సింగిల్ కాయిల్ అయితే 5.5 నుంచి 7 కిలో ఓమ్స్ మధ్య, రెండు చుట్టల హంబకర్ అయితే 7 నుంచి 9 దాకా రావడం మామూలు. రీడింగ్ ఉన్నట్టుండి 250 దగ్గరో 500 దగ్గరో ఆగితే ఆ పికప్ కాయిల్ తెగిపోయిందని అర్థం. మీటరుకు కనబడుతున్నది పికప్ కాదు, వాల్యూమ్ పాట్ విలువ. ఇది తెలియక 'రీడింగ్ వస్తోంది కదా' అని చచ్చిన పికప్‌కి డబ్బు పోసినవాళ్ళు ఉన్నారు.

ఈ గిటారుకు మూడు పికప్‌ల మీదా ఒకే తీరుగా 5.3 వచ్చింది. మూడూ కలిసి తక్కువ చూపిస్తే తప్పు పికప్‌లది కాదు, వాటికి సమాంతరంగా ఉన్న పాట్‌ది. స్క్రాచ్ ప్లేటు (గిటారు ముందువైపు పలక) ఎత్తి చూస్తే అదే తేలింది. రెండు టోన్ పాట్‌లు అసలువే, సోల్డరింగ్ మసకబారి ఒకే రంగులో ఉంది. వాల్యూమ్ పాట్ మాత్రం 47 కిలో ఓమ్స్‌ది, మెరిసే పెద్ద సీసపు ముద్దలు, పక్కన ఫ్లక్స్ మరక. వైరు విడదీసి నేరుగా కొలిస్తే పికప్‌లు 6.0 ఇచ్చాయి. 6కి సమాంతరంగా 47 పెడితే వచ్చేది సరిగ్గా 5.3. అసలు 500 పాట్ ఉండి ఉంటే 5.9 చూపించేది.

దీని ఫలితం చెవికి తెలుస్తుంది. అంత చిన్న పాట్ పికప్ మీద భారం వేసి పై స్వరాల తళుకు మింగేస్తుంది. ఓనరు "పాతబడి మెత్తబడింది" అన్నది ఇదే. పాట్ మారిస్తే గొంతు తిరిగొస్తుంది, పికప్‌లకు ఏమీ కాలేదు. మార్చేటప్పుడు 250 లేదా 500 కిలో ఓమ్స్ ఆడియో టేపర్ పాట్ తీసుకోవాలి. కొలత కూడా చూసుకోవాలి. అమెరికా సీటీఎస్ పాట్‌లకు దాదాపు 9.5 మి.మీ. రంధ్రం కావాలి, జపాన్ గిటార్ల రంధ్రం అంతకంటే చిన్నది. రంధ్రం పెద్దది చేయమని మెకానిక్‌కి చెప్పారా, గిటారు విలువ మీరే తగ్గించినట్టు. మెట్రిక్ పాట్ తెప్పించుకోండి. తీసేసిన పాత భాగాలు, పాడైనవైనా సరే, కవర్లో వేసి గిటారుతోనే ఉంచాలి.

ఇక కొయ్య సంగతి. కోస్తాలో పాత గిటారుకు శత్రువు తుప్పు. మన రాయలసీమలో ఎండ, పొడిగాలి. కడప, కర్నూలు వేసవిలో మిద్దె కింద బీరువా మీద పెట్టిన గిటారుకు ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద వేళ్ళు నొక్కే కొయ్య పట్టీ) ఎండి కుంచించుకుపోతుంది. దాని మీద అడ్డంగా బిగించిన లోహపు కడ్డీలు, అంటే ఫ్రెట్లు, మాత్రం కుంచించుకోవు. అందుకే వాటి కొసలు పక్కకు పొడుచుకొస్తాయి. నెక్ అంచు వెంబడి వేలు జారిస్తే రంపపు పళ్ళలా తగులుతుంది. దీనికి అలాగే ఉంది, ఐదో ఫ్రెట్ నుంచి పైకి ఎక్కువగా. భయపడాల్సిన జబ్బు కాదు. సన్న ఆకురాయితో అరగదీస్తే పోతుంది. ఆ పని ఏప్రిల్, మే నెలల్లోనే చేయించాలి. వానాకాలంలో కొయ్య కొంచెం ఉబ్బి ఉంటుంది, అప్పుడు సమంగా అరగదీసినా వచ్చే ఎండాకాలానికి మళ్ళీ పొడుచుకొస్తాయి.

రోజ్‌వుడ్ బోర్డుకు కొబ్బరినూనె పూసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అది పూయొద్దు. కొన్నాళ్ళకు ముక్కిపోయి, దుమ్ము పట్టి జిగురవుతుంది. ఈ గిటారుకూ పూశారు. ఫ్రెట్ల పక్కన నల్లగా పేరుకున్నది గోరుతో గీకితే వస్తోంది. నాఫ్తా (పెట్రోలు జాతి ద్రావకం) తడిపిన గుడ్డతో తుడిచి, ఫ్రెట్‌బోర్డుకని అమ్మే మినరల్ ఆయిల్ రెండు చుక్కలు పట్టిస్తే చాలు. వార్నిష్ ఉన్న మేపుల్ బోర్డుకు ఏ నూనే అక్కర్లేదు.

నెక్ వంపు చూడ్డానికి తీగలు శ్రుతిలో ఉండగా లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడాలి. 0.2 నుంచి 0.3 మి.మీ. ఉంటే బాగున్నట్టు. దీనికి 0.6 ఉంది. ఏళ్ళ తరబడి తీగలు బిగించే ఉంచారు, మామూలే. అసలు ప్రశ్న ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) ఇంకా తిరుగుతుందా లేదా అన్నది. ఓనరు అనుమతి అడిగి, హెడ్‌స్టాక్ మూత తీసి, 7 మి.మీ. ట్యూబ్ స్పానరుతో కుడివైపుకు పావు తిప్పు, అంతే. సందు 0.3కి వచ్చింది, రాడ్ ఇంకా బిగించే వీలు మిగిలే ఉంది. ధరలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం ఇదే. రాడ్ నట్ చివరిదాకా బిగిసి కదలకపోతే అక్కడితో బేరం ఆపేయాలి, ఎంత తక్కువకిచ్చినా సరే.

ఒక్క మినహాయింపు. తీగలు బోర్డుకు చాలా ఎత్తులో ఉంటే అది నెక్ వంగడం వల్లనే అనుకోవద్దు. ఆర్కెస్ట్రాల్లో హవాయన్ బాణీలో స్టీలు కడ్డీ జార్చి వాయించడానికి కావాలనే ఎత్తు పెంచుకునేవాళ్ళు. హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే నట్ దగ్గర (ఇది రాడ్ నట్ కాదు) ఇనుప పట్టీ ఉందేమో చూడండి.

ఫ్రెట్ల అరుగుదల మాత్రం నిజమైన లోటు. పై ఫ్రెట్లు 1 మి.మీ. ఎత్తున్నాయి. మొదటి మూడు 0.7కి వచ్చాయి, సన్న తీగల కింద గుంటలు స్పష్టంగా కనబడుతున్నాయి. చర్చిలో ఓపెన్ కార్డ్స్ (మొదటి ఫ్రెట్ల దగ్గర పట్టే స్వరాల కూర్పులు) వాయించిన గిటారు అరిగేది అక్కడే. ఒకసారి లెవెలింగ్ (ఫ్రెట్లన్నీ ఒకే ఎత్తుకు అరగదీయడం) చేయించొచ్చు, రెండోసారికి మిగలదు. ఈ పని ఇక్కడి మ్యూజిక్ షాపుల్లో చేయించే సాహసం వద్దు. బెంగళూరో హైదరాబాదో తీసుకెళ్ళాలి.

పెయింటు అసలుదే. స్క్రాచ్ ప్లేటు కింద ఎరుపు ముదురుగా ఉంది, బయట కొంచెం వెలిసింది. రెండూ ఒకేలా ఉంటేనే అనుమానించాలి. అల్ట్రావయొలెట్ టార్చితో చూసే పద్ధతి పాత అమెరికా గిటార్ల నైట్రో లక్క మీద బాగా పనిచేస్తుంది. ఈ జపాన్ గిటార్ల పాలీ పూత మీద అంత నమ్మకంగా చెప్పలేం. వెనకవైపు మాత్రం సంచిలోని స్పాంజి కరిగి అంటుకుంది. చాకుతో గీకకుండా నాఫ్తాతో ఓపికగా తుడవాలి, ఆ సంచి పారేయాలి. ట్యూనింగ్ కీలు అసలువే. హెడ్‌స్టాక్ వెనక అదనపు స్క్రూ రంధ్రాలు లేవు. లోపలి గ్రీజు గట్టిపడి బిగుసుగా తిరుగుతున్నాయంతే.

శబ్దం పరీక్షించడానికి బ్యాటరీతో నడిచే చిన్న ఆంప్ తీసుకుపోవడం మంచిది. పాత ఇళ్ళలో ఎర్త్ ఉండదు, రెండు పిన్నుల ప్లగ్గులే. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా ఆంప్ గ్రౌండ్‌కు కలిసి ఉంటాయి కాబట్టి పాత పీఏ (మైకుసెట్టు) ఆంప్‌కు తగిలిస్తే షాకు కొట్టొచ్చు. సింగిల్ కాయిల్ గనక ట్యూబ్‌లైట్ చోకు దగ్గర గుయ్‌మంటుంది. అది లోపం కాదు, లైటు ఆపి వినండి. పాట్ లోపం ఉన్నా ఈ గిటారు నెక్ పికప్ గుండ్రంగా, స్పష్టంగా పలికింది. బ్రిడ్జి పికప్ గురించి పాట్ మారకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

ఇప్పుడు ఆ తొమ్మిది వేల లెక్క. ఫ్రెట్ లెవెలింగ్, కొసల పని, సెటప్‌కి 5,500. పాట్, జాక్, మనిషి కూలి 1,500. పోయిన ట్రెమొలో చెయ్యి, ఒక ష్యూర్ గ్రిప్ నాబ్ 2,000. చెయ్యి థ్రెడ్ సరిపోయేది వెతకడమే కష్టం, ఓనరు ఇంట్లో డబ్బాల్లో ఇంకోసారి వెతకమని అడగండి, తరచుగా అక్కడే దొరుకుతుంది. ఈ లెక్క ఆయన ముందే, గుంటలు చూపిస్తూ చెప్పాలి. పెద్దమనిషి వస్తువును చిన్నబుచ్చి బేరమాడితే 36 కాదు, 45కి కూడా ఇవ్వరు.

డబ్బు ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరు, తేదీ, ఇద్దరి సంతకాలతో కాగితం రాయించుకోండి. ఆ క్రిస్మస్ ఫొటోను ఫోన్లో తీసుకోండి. రేపు మీరు అమ్మితే ఆ ఫొటోకే విలువ. బస్సులో తెచ్చేటప్పుడు తీగలు ఒక స్వరం దించి, డిక్కీలో వేయకుండా పక్కనే పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక ఒకరోజు ఆగి మళ్ళీ శ్రుతి చేసి, ఆ తర్వాతే ట్రస్ రాడ్ జోలికి వెళ్ళాలి.

ఇదే గిటారుకు పికప్‌లు కూడా మారి ఉండుంటే 20 వేలు దాటి పెట్టొద్దు.