పునాది రిపేరు: గంపగుత్తకు ఇవ్వాలా, కొలత లెక్కకు ఇవ్వాలా?

మా అమ్మావాళ్ల ఇల్లు గుంటూరు దగ్గర నల్లరేగడి నేల మీద ఉంది. వంటింటి మూల గోడ బీటవారి, సందులో వేలు పట్టేంత అయ్యాక ఇక రిపేరు తప్పలేదు. ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. ఒకాయన "మొత్తం పనికి ఇంత సార్, మీకే టెన్షనూ వద్దు" అని ఒక్క అంకె చెప్పాడు. రెండో ఆయన కాగితం రాసిచ్చాడు: తవ్వకం క్యూబిక్ మీటరుకు ఇంత, కాంక్రీటు ఇంత, ఇనుము కిలోకు ఇంత. మొత్తం ఎంతవుతుందండీ అంటే, "తవ్వితేగానీ తెలీదండీ" అన్నాడు. ఇంట్లో అందరికీ మొదటాయనే నచ్చాడు. నాకూ అంతే. ఆయనకే ఇచ్చాం.

నాలుగడుగులు తవ్వాక ఫోన్ వచ్చింది. "సార్, ఇంకా నల్లమట్టే వస్తోంది. నేను నాలుగడుగులకే రేటు చెప్పాను." అగ్రిమెంటు తీసి చూస్తే 'పునాది బలపరిచే పని మొత్తం' అని ఉంది తప్ప లోతు మాటే లేదు. కింద గోతి, పైన గోడ. ఆ స్థితిలో బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? అడిగినంతా ఇచ్చాం.

గంపగుత్తలో అసలు చిక్కు ఇదే. మట్టి కింద ఏముందో ఇద్దరికీ తెలియదు, కానీ ధర మాత్రం ముందే ఖాయం చేస్తాం. జాగ్రత్త గల కాంట్రాక్టరైతే ఎందుకైనా మంచిదని ధర పెంచి చెబుతాడు. తెలివైనవాడు తక్కువ చెప్పి పని పట్టుకుని, గొయ్యి తీశాక 'ఎక్స్‌ట్రా' మొదలుపెడతాడు. మూడడుగులకే గట్టి నేల తగిలిందనుకోండి, మిగిలిన డబ్బు ఎవరూ వెనక్కివ్వరు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఈ కదలిక పైపైన ఆగేది కాదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే రూపొందించిన అండర్‌రీమ్డ్ పైల్స్‌కు (అడుగు భాగం ఉబ్బెత్తుగా ఉండేలా నేలలో పోసే కాంక్రీటు స్తంభాలు), నల్లమట్టి లోతుగా ఉన్నచోట కనీసం 3.5 మీటర్ల పొడవు ఉండాలంటారు. అలాంటి నేలలో నాలుగడుగులన్నది ఏ లెక్కో ఆయనకే తెలియాలి.

కొలత లెక్కలో ఈ గొడవ లేదు. వేరేది ఉంది. తవ్వేకొద్దీ బిల్లు పెరుగుతుంది కాబట్టి, త్వరగా ఆపాలన్న తొందర కాంట్రాక్టరుకు ఉండదు. రెండేళ్ల తర్వాత పడమటి మూల కూడా దిగితే ఆ రెండో ఆయన్నే పిలిచాం. ఈసారి మూడు మాటలు రాయించాను. ఒకటి, అంచనా పరిమాణం కన్నా పని పదో వంతు ఎక్కువైతే, పని ఆపి మా సంతకం తీసుకోవాలి. రెండు, వెడల్పు డ్రాయింగులో ఉన్నంతే లెక్క. పక్కలు కూలి గొయ్యి పెద్దదైతే ఆ ఖర్చు ఆయనదే. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కాంక్రీటు పోసేముందు టేపు పెట్టి ఇద్దరం కలిసి కొలవాలి, ఫోటో తీయాలి, పుస్తకంలో సంతకాలు పెట్టాలి. కప్పేశాక లోపల ఎంత పోశారో దేవుడికే ఎరుక.

ఇనుముకు వేబ్రిడ్జి చీటీ కూడా అక్కర్లేదు. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం కడ్డీకి సుమారు 0.89 కిలోలు. గోతిలో కడ్డీలు లెక్కపెట్టుకుంటే చాలు. మా అమ్మ కూడా లెక్కపెట్టింది, మేస్త్రీ మొహం చూడాలి!

లేబర్ మాత్రమే మాట్లాడుకుని సామాను మనమే తెచ్చే పద్ధతీ ఉంది. కొత్త గోడలకు సరే. పునాది రిపేరుకు మాత్రం నేను వద్దంటాను. తేడా వస్తే మేస్త్రీ సిమెంటును తిడతాడు, కొట్టువాడు నీళ్లను తిడతాడు.

పద్ధతి ఏదైనా కొన్ని షరతులు వదలకూడదు. పాత గోడ కింద పక్కపక్క గోతులు ఒకేసారి తవ్వకూడదు. మీటరు, మీటరున్నర ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వాలని రాయించండి. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, పోసిన కాంక్రీటుకు నీళ్లు పెట్టడం కనీసం 7 రోజులు, పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటైతే 10 రోజులు. ఆ నీళ్లు ఎవరు పెడతారో కూడా పేరుతో రాయాలి. లేకపోతే ఆ పని చివరికి ఇంటివాళ్ల నెత్తినే పడుతుంది. అదే కాంక్రీటుతో పోసిపెట్టిన నమూనా దిమ్మలు (క్యూబులు) 28 రోజులకు పరీక్షలో ఫెయిలైతే ఎవరి ఖర్చుతో పగలగొట్టాలో ముందే తేలాలి. ఆలస్యానికి రోజుకింత జరిమానా అని పెద్ద అంకె వేసి మురిసిపోకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇచ్చేది న్యాయమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.

'పదేళ్ల గ్యారంటీ' అన్నప్పుడు దేనికో అడగండి. పగులులో నింపిన ఎపాక్సీ జిగురుకా, గోడ మళ్లీ దిగకుండానా? చాలాసార్లు మొదటిదానికే.

ఇంతకీ ఏది మేలు? ప్లింత్ బీము (పునాది మీద, గోడల అడుగున వేసే కాంక్రీటు దూలం) పైన డ్రాయింగులో అన్నీ కనిపిస్తాయి కాబట్టి స్లాబు, గోడలు గంపగుత్తకు హాయిగా ఇవ్వొచ్చు. దాని కింద మాత్రం కొలత లెక్కే, పైన చెప్పిన పరిమితులతో. కొలతల గోల పడలేం, గుత్తే కావాలంటే, అగ్రిమెంటుకు ముందే ఒక రోజు కూలి ఇచ్చి ప్రతి మూలా పరీక్ష గొయ్యి తీయించండి. లోతు అంకెల్లో రాసి, ఆపై ప్రతి అడుగుకూ రేటు కూడా అప్పుడే ఖాయం చేసుకోండి.

పడమటి మూలకు చివరి చెల్లింపు ఆర్నెల్లకు అని ఆ రెండో కాంట్రాక్టరు అడిగాడు. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం దాటాకే అన్నాను. కాస్త గొణిగి ఒప్పుకున్నాడు. పగులు మీద చిన్న గాజు పలక అతికించి తేదీ రాసిపెట్టాం, గోడ కదిలితే అది చిట్లుతుంది. మే నెలాఖరుకు అది అలాగే ఉంది. జూన్ మొదటి వారంలో చెక్కు ఇచ్చేశాం. గంపగుత్తకు ఇచ్చిన వంటింటి మూలన పలక మొదటి ఎండాకాలంలోనే చిట్లింది.