ఫ్రిజ్‌పై ‘జీఎస్‌టీ తగ్గింపు’, ‘వడ్డీ లేని వాయిదాలు’: కొనేవారికి హెచ్చరిక

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ, అద్దె ఇంటికి ఒక్కో వస్తువూ సమకూర్చుకుంటున్న నాలాంటి వారి కోసం ఇది రాస్తున్నాను. గత దసరా అమ్మకాల్లో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో రెండు తలుపుల ఫ్రిజ్‌ను 36,000 రూపాయలకు, 12 వాయిదాల పద్ధతిలో తీసుకున్నాను. నెలకు 3,000 పడాలి. రుణం మంజూరైనట్టు ఫోనుకు వచ్చిన సందేశంలో మాత్రం వాయిదా 3,350గా, మొత్తం 40,200గా ఉంది. అదనంగా చేరిన 4,200లో 3,600 పొడిగించిన వారంటీకి, 600 వాయిదాల బీమాకు. ఈ రెంటినీ నేను అడగలేదు, అక్కడున్న వారూ వాటి ఊసెత్తలేదు. ఫైనాన్స్ కంపెనీ ప్రతినిధి ట్యాబ్‌లో వివరాలు నింపుతూ, వాయిదా ఎంతని అడిగితే ‘మూడు వేల చిల్లర’ అని చెప్పి, డెలివరీ బుకింగ్ కోసమంటూ ఓటీపీ తీసుకున్నాడు. ఆ ఓటీపీయే రుణపత్రం మీద సంతకమని తరువాత అదే కంపెనీ నాకు సమాధానమిచ్చింది.

ముందుగా షోరూమ్‌లో కనిపించిన ‘జీఎస్‌టీ తగ్గింపు’ బోర్డు సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ రేట్లు మారిన మాట వాస్తవమే. ఏసీలు, డిష్‌వాషర్లు, 32 అంగుళాలకు మించిన టీవీలు 28 శాతం నుంచి 18 శాతానికి దిగాయి. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు మాత్రం 2018 జూలై నుంచే 18 శాతంలో ఉన్నాయి, ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. మొబైల్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల పన్ను కూడా మారలేదు. అయినా షోరూమ్‌లో ఫ్రిజ్‌ల వరుస పైన ‘జీఎస్‌టీ తగ్గింపు ధర’ అన్న బోర్డు నిలువెత్తున ఉంది. పన్ను నిజంగా తగ్గిన వస్తువుల విషయంలోనూ లెక్క తెలిసి ఉండటం మంచిది: పన్నుతో కలిపి 40,000 ఉన్న ఏసీ కొత్త రేటుతో 36,875 కావాలి, అంటే ధరలో తగ్గేది పది శాతం కాదు, ఎనిమిది శాతం కన్నా కాస్త తక్కువ. అంతకు మించి తగ్గిస్తే అది దుకాణం ఇచ్చే డిస్కౌంటు. అంతకన్నా తక్కువ తగ్గించి ‘మొత్తం ప్రయోజనం మీకే’ అంటే నిలదీయవచ్చు.

ఇక ‘వడ్డీ లేని వాయిదా’. అప్పు ఇచ్చే సంస్థ వడ్డీ వదులుకోదు, దాన్ని తయారీదారు గానీ దుకాణదారు గానీ భరిస్తాడు, భరించినంత మేరకు మనకు రావలసిన నగదు తగ్గింపు ఆగిపోతుంది. అదే ఫ్రిజ్‌ను ఒకేసారి యూపీఐలో చెల్లిస్తే ఎంతని అడిగితే 34,200 అన్నారు. ఆ 1,800 తేడాయే వడ్డీ. దానికి తోడు 599 రూపాయల ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజుపై 18 శాతం జీఎస్‌టీ. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని, వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచవద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. పేరు మార్చుకొని అదే పథకం నేటికీ ప్రతి పండుగకూ వస్తూనే ఉంది.

అందువల్ల ఓటీపీ చెప్పే ముందు ఒక కాగితం అడగండి. దాని పేరు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే రుణం ముఖ్య వివరాల పత్రం. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్ రుణాలన్నిటికీ దీన్ని ఇవ్వడం తప్పనిసరి, అదీ రుణం తీసుకునే వ్యక్తికి అర్థమయ్యే భాషలో. కనుక తెలుగులో ఇమ్మని అడగడానికి మొహమాటపడనక్కరలేదు. అన్ని రుసుములనూ కలుపుకున్న వార్షిక రేటు, ఇతరుల తరఫున వసూలు చేసే బీమా సొమ్ము కూడా అందులో కనిపించాలి. అందులో లేని రుసుమును మీ స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. అందులోని రుణ మొత్తాన్నీ, షోరూమ్ బిల్లునూ పక్కపక్కన పెట్టి చూడండి. డౌన్ పేమెంట్ పోగా రెండూ ఒక్కటి కాకపోతే అక్కడే ఆగిపోండి, మీ వెనుక ఎంత మంది వరుసలో నిలబడి ఉన్నా సరే.

యాప్ ద్వారా ఇచ్చే డిజిటల్ రుణమైతే, కనీసం ఒక రోజు వెనక్కి తగ్గే గడువు ఉంటుంది. ఆలోగా అసలు మొత్తాన్నీ, ఆ కాలానికి అయ్యే ఖర్చునూ చెల్లించి జరిమానా లేకుండా బయటపడవచ్చు. సముచితమైన ప్రాసెసింగ్ ఫీజును మాత్రం సంస్థ అట్టిపెట్టుకోవచ్చు. ఈ గడువు సంగతి షోరూమ్‌లో ఎవరూ చెప్పరు.

నా విషయంలో షోరూమ్ మేనేజరు ‘సిస్టమ్‌లో ఎక్కిపోయింది సార్, తీయడం కుదరదు’ అన్నాడు. ఫైనాన్స్ కంపెనీకి సందేశాల స్క్రీన్‌షాట్లు జతచేసి ఈమెయిల్ పంపాక వారంటీ, బీమా రెండూ రద్దయ్యాయి. ఫీజు మాత్రం తిరిగి రాలేదు. నోటిమాటగా చేసిన ఫిర్యాదు ఎక్కడా నమోదు కాదు కాబట్టి మొదటి నుంచీ రాతపూర్వకంగానే అడగండి. సంస్థ 30 రోజుల్లో స్పందించకపోతే ఇలాంటి ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. షోరూమ్ మీదైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు విలువైన కొనుగోళ్లకు ఫిర్యాదు రుసుము లేదు.