లేపాక్షిలో తల పైకెత్తి చూడండి

లేపాక్షికి వెళ్ళినవాళ్ళలో చాలామంది వేలాడే స్తంభం దగ్గరే ఆగిపోతారు. దాని కింద నుంచి తువాలు లాగడం, ఫోటో దిగడం, తర్వాత ఊరి మొదట్లో ఉన్న పెద్ద నంది దగ్గర ఇంకో ఫోటో. గంటలో తిరుగు ప్రయాణం. కానీ ఆ స్తంభం ఉన్న నాట్యమంటపం పైకప్పు నిండా రంగులతో గీసిన బొమ్మలే. నన్నడిగితే అంత దూరం వెళ్ళాల్సింది వాటి కోసమే.

1530ల్లో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండలో విజయనగర అధికారులుగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి ఇది. బొమ్మల్లో వాడినవి కాసిని సహజ రంగులే: కావి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు. నీలం కనిపించదు. అయినా చూపు తిప్పుకోలేం. పార్వతీ కల్యాణంలో వరసగా నిలబడ్డ ఆడవాళ్ళనే చూడండి. అందరూ పక్కకి తిరిగి ఉంటారు, కొప్పులు పెద్దవి, కళ్ళు కోలగా ఉంటాయి. పక్కపక్కనున్న ఇద్దరి చీరల్లో ఒకే డిజైన్ నాకైతే కనిపించలేదు. ఒకరి అంచు చూసి ఇంకొకరి అంచు చూస్తూ పోతుంటే మెడ నొప్పి కూడా తెలియదు. వేటగాడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడు పోరాడిన కిరాతార్జునీయంలో అడవిపంది దూకుడు చూస్తే, గీసినవాడు వేట దగ్గరుండి చూసే ఉంటాడనిపిస్తుంది. న్యాయానికి పేరుపడ్డ రాజు మనునీతి చోళుడి కథ దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. రాజకుమారుడి రథం కింద దూడ పడి చనిపోతే, తల్లి ఆవు వచ్చి ధర్మగంట మోగిస్తుంది. మనం నడుస్తుంటే కథ కూడా ముందుకు నడుస్తుంది. మర్రాకు మీద పడుకున్న చిన్నికృష్ణుడు ఎటు జరిగినా మనల్నే చూస్తాడంటారు. నాకూ అలాగే అనిపించింది.

గర్భగుడి ముందున్న అర్ధమంటపం పైకప్పు మీద వీరభద్రుడి బొమ్మ చాలా పెద్దది. 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు అంటారు. స్వామి పాదాల దగ్గర ఆ అన్నదమ్ములు దణ్ణం పెడుతూ ఉంటారు. అక్కడ వెలుతురు తక్కువ, దర్శనం లైను వెనక నుంచి తోస్తుంటుంది. రద్దీ లేనప్పుడే ప్రశాంతంగా చూడగలం. చాలాచోట్ల సున్నం పొర ఊడి రంగులు రాలిపోయాయి, దయచేసి ఫ్లాష్ వాడకండి.

బెంగళూరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరినా, దారిలో టిఫిన్లూ అవీ అయ్యి చేరేసరికి ఎండెక్కుతుంది, ఒట్టికాళ్ళతో ఆ రాతి మీద నిలబడలేం. అందుకే ముందురోజే చేరుకోవడం మేలు. 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న హిందూపురంలో లాడ్జీలు దొరుకుతాయి, భోజనానికీ అక్కడే నయం. మేం దిగిన లాడ్జిలో వేడినీళ్ళు ఉంటాయన్నారు గానీ రాలేదు, గది మాత్రం శుభ్రంగా ఉంది. లేపాక్షిలోనే టూరిజం హోటల్ ఉంది. మళ్ళీ వెళ్తే అక్కడే దిగుతాను, తెల్లారగానే గుడికి నడిచి వెళ్ళొచ్చు.

గైడ్‌ని తప్పకుండా పెట్టుకోండి. మాకు దొరికినాయన మొదట స్తంభం దగ్గరే సమయమంతా గడిపేశాడు. బొమ్మల గురించి అడిగాక మాత్రం ఒక్కో కథా ఎంత బాగా చెప్పాడో! డబ్బు మాట్లాడుకునేటప్పుడే “పైకప్పు బొమ్మలన్నీ చూపించాలి” అని గట్టిగా చెప్పండి.