నెమ్మదిగా దిగడమే పరీక్ష: కెనడాలో స్కీ ఇన్‌స్ట్రక్టర్ లెవెల్ 1 కోర్సు చేశాక

మొదటి రోజు పొద్దున మా గ్రూపులో అందరికంటే వేగంగా, అందంగా కిందికి దిగింది ఒక పంతొమ్మిదేళ్ళ అబ్బాయి. మాకు కోర్సు నడిపిన ఆవిడ అతన్ని చూసి, "బాగుంది. ఇప్పుడు ఇదే పిల్లల వాలు మీద, మనిషి నడిచేంత వేగంతో చేసి చూపించు" అంది. నాలుగేళ్ళ వయసు నుంచి స్కీయింగ్ చేస్తున్నవాడు, బ్లాక్ డైమండ్ రన్‌ల మీద, అంటే బాగా కష్టమైన వాలుల మీద, పెరిగినవాడు. అయినా స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి, నిదానంగా అటొక మలుపు ఇటొక మలుపు తిరగమనేసరికి భుజాలు ఊగిపోయాయి. ఒక స్కీ ఇంకోదాని మీదికి ఎక్కబోయింది. వేగంగా వెళ్ళేటప్పుడు దాక్కునే తప్పులన్నీ నెమ్మదిగా వెళ్ళేటప్పుడు బయటపడతాయని నాకు ఆ అయిదు నిమిషాల్లో తెలిసింది. 

మాది కోదాడ. ఇప్పుడు కెనడాలోని కాల్గరీలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. నేను మొదటిసారి స్కీలు వేసుకున్నది ముప్పై నాలుగేళ్ళ వయసులో, మా అబ్బాయిని క్లాసులో చేర్పించి రెండు గంటలు చలిలో ఊరికే నిలబడలేక. లెవెల్ 1 చేసేసరికి నాకు నలభై మూడు. ఈ కోర్సు గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని చాలా వెతికాను, ఏమీ దొరకలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కెనడాలో స్కీయింగ్ నేర్పేవాళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చేది కెనడియన్ స్కీ ఇన్‌స్ట్రక్టర్స్ అలయన్స్. అందరూ సీఎస్ఐఏ అంటారు. 1938లో మొదలైన సంస్థ. మొత్తం నాలుగు లెవెల్స్ ఉంటాయి. లెవెల్ 1 ఉంటే కొత్తవాళ్ళకు నేర్పొచ్చు, నాలుగు దాకా వెళ్ళేవాళ్ళు చాలా కొద్దిమంది. స్నోబోర్డుకు సంస్థ వేరు, కోర్సు వేరు. నేను చేసినది మూడు రోజుల కోర్సు. మూడు రోజులూ పొద్దున నుంచి సాయంత్రం దాకా కొండ మీదే ఉంటాం, మధ్యమధ్యలో లోపల కూర్చుని మాట్లాడుకుంటాం. చివరి రోజు మీ స్కీయింగ్ ఎలా ఉంది, మీరు నేర్పే పద్ధతి ఎలా ఉంది అని రెండూ విడివిడిగా చూసి చెప్తారు. ఫీజుతో పాటు కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ టికెట్, రానుపోను పెట్రోలు, మూడు రోజుల సెలవు కూడా లెక్కలో వేసుకోండి.

ఒక్క విషయం ముందే చెప్పాలి. ఈ కోర్సులో స్కీయింగ్ నేర్పరు. అది వచ్చినవాళ్ళు చేరాల్సిన కోర్సు ఇది. బ్లూ రన్ మీద, అంటే మధ్యరకం కష్టమున్న వాలు మీద, రెండు స్కీలూ పక్కపక్కన సమానంగా ఉంచి, గాభరా లేకుండా మలుపు వెనక మలుపు తిరుగుతూ కిందికి రాగలగాలి. మీకు అంతవరకు వస్తే చాలు. నేను అక్కడిదాకా రావడానికి తొమ్మిది శీతాకాలాలు పట్టింది. ఏటా పది పన్నెండు రోజులు మాత్రమే కుదిరేది కాబట్టి అన్నేళ్ళు. చిన్నప్పటి నుంచి చేసినవాళ్ళకు అంత పట్టదు.

ఇక బూట్లు. ఎవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే బూట్ల గురించే చెప్తాను. నేను మొదటి మూడేళ్ళు ఒక షాపులో అద్దెకు తీసుకునేదాన్ని. వాళ్ళు నా మామూలు చెప్పుల సైజు అడిగి, "సౌకర్యంగా ఉంటుంది" అని రెండు సైజులు పెద్దది ఇచ్చేవాళ్ళు. లోపల మడమ లేస్తూ ఉండేది. నేను కాలు తిప్పితే బూటు తిరిగేది, స్కీ తిరిగేది కాదు. తప్పు నాలోనే ఉందనుకుని మూడేళ్ళు కష్టపడ్డాను. తర్వాత బూట్లు అమర్చడమే పనిగా చేసే ఒకాయన దగ్గరికి వెళ్తే, పాదం పొడవు సెంటీమీటర్లలో కొలిచాడు. స్కీ బూట్ల సైజు ఆ సెంటీమీటర్ల లెక్కే. లోపలి మెత్తని తొడుగు తీసేసి, ఖాళీ డొల్లలో నా కాలు పెట్టించి, కాలివేళ్ళు ముందుకు ఆనించమని, మడమ వెనక ఎన్ని చేతివేళ్ళు పడతాయో చూశాడు. ఒకటి, మహా అయితే రెండు పట్టాలట. నా పాత సైజులో నాలుగు పట్టేవి. స్కీలు అద్దెకు తీసుకున్నా ఫర్వాలేదు, బూట్లు మాత్రం మీ సొంతవి కొనుక్కున్నాకే ఈ కోర్సులో చేరండి.

మళ్ళీ కోర్సులోకి వస్తాను. కోర్సు నడిపేవాళ్ళను కోర్స్ కండక్టర్ అంటారు. మా కండక్టర్‌కు అరవై దగ్గర ఉంటాయి. మేం ఎనిమిది మందిమి. పదహారేళ్ళ అమ్మాయి దగ్గర్నుంచి రిటైరైన ఇంజనీరు దాకా ఉన్నారు. చలి మైనస్ ఇరవై రెండు. లిఫ్ట్ మీద కూర్చున్నప్పుడు ఆవిడ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడేది. ఎందుకు నేర్చుకున్నావు, దేనికి భయం, ఎవరికి నేర్పాలనుంది అని. అది కబుర్లు అనుకున్నాను. మూడో రోజు నా గురించి చెప్పినప్పుడు ఆ లిఫ్ట్ మీద నేను చెప్పిన మాటలే తీసి వాడింది.

సీఎస్ఐఏ వాళ్ళ స్కీయింగ్ పాఠమంతా నాలుగు మాటల మీద నిలబడి ఉంటుంది. ఒకటి, బ్యాలెన్స్ కోసం చీలమండ, మోకాలు, తుంటి అన్నీ కదలాలి, ఏదో ఒకటి మాత్రమే వంగితే చాలదు. రెండు, మలుపు కాళ్ళ దగ్గర మొదలవ్వాలి. మూడు, నడుము పైభాగం, కింది భాగం వేర్వేరుగా పనిచేస్తేనే స్కీ అంచు మంచును పట్టుకుంటుంది. నాలుగు, ఈ కదలికలన్నీ కలిసి ఒక మలుపు నుంచి ఇంకో మలుపులోకి జారిపోవాలి. ఇంగ్లీషులో చదివినప్పుడు నాకు మూడోది తలకెక్కలేదు. రాత్రి ఇంట్లో ఆలోచిస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. నెత్తి మీద నీళ్ళ బిందె పెట్టుకుని మెట్ల బావి ఎక్కి వచ్చేది. మోకాళ్ళు వంగేవి, పాదాలు ఎటు కావాలంటే అటు తిరిగేవి, బిందె మాత్రం కదిలేది కాదు. మర్నాడు పొద్దున అదే మనసులో పెట్టుకుని దిగాను. కింద ఆగిన తర్వాత కండక్టర్ అడిగింది, "రాత్రి ఏం మార్చావు?" అని. బిందె గురించి చెప్పాను. శ్రద్ధగా విని, "అది నీ విద్యార్థులకు కూడా చెప్పు" అంది.

నేర్పే పరీక్షలో నాకు వచ్చిన అంశం, మొదటిసారి స్కీలు వేసుకున్నవాళ్ళకు ఆగడం నేర్పడం. నేను బాగా తయారై వెళ్ళాను. స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టే వెడ్జ్ అంటే ఏంటో, మడమలు ఎందుకు బయటికి తొయ్యాలో, బరువు ఎక్కడ ఉండాలో అన్నీ చక్కగా చెప్పాను. చెప్పడానికే నాలుగు నిమిషాలు పట్టింది. అయ్యాక ఆవిడ నెమ్మదిగా అంది, "నువ్వు చెప్పినవన్నీ సరైనవే. కానీ అంతసేపూ వాళ్ళు చలిలో నిలబడే ఉన్నారు. ఒక్కటి చెప్పు, చెయ్యనివ్వు, చూడు. తర్వాత ఇంకోటి." ఆ మాట రాసుకున్న కాగితం ఇప్పటికీ నా జాకెట్ జేబులో ఉంది.

ఇంకా చిన్న చిన్న సంగతులు చాలా నేర్చుకున్నాం. ఎండ కళ్ళలో పడేటప్పుడు నేర్పేవాళ్ళు ఎండకు ఎదురుగా నిలబడాలి, విద్యార్థుల వీపులు ఎండకు ఉండాలి. గాలికీ అంతే. గ్రూపును ఎప్పుడూ రన్ మధ్యలో ఆపకూడదు, పక్కకు తీసుకెళ్ళి, పైనుంచి వచ్చేవాళ్ళకు కనబడేచోట ఆపాలి. మన కంటే కింద ఉన్నవాళ్ళకే దారి అన్నది అక్కడ అన్నిటికంటే పెద్ద నియమం. పడ్డవాళ్ళను చెయ్యి పట్టి లాగకూడదు. ముందు రెండు స్కీలూ శరీరానికి కింది వైపు, వాలుకు అడ్డంగా పెట్టించాలి, అప్పుడు వాళ్ళే లేస్తారు. ఇవి వినడానికి మామూలుగా ఉంటాయి. వచ్చిన విద్యార్థి మళ్ళీ వస్తాడా రాడా అన్నది వీటి మీదే ఆధారపడి ఉంటుందని నాకు తర్వాత తెలిసింది.

అన్నిటికంటే కష్టం ఇంకొకళ్ళ స్కీయింగ్ చూసి ఒక్క మాట చెప్పడం. మొదటి రోజు మాలో ప్రతివాళ్ళం ఒకళ్ళలో ఆరేసి తప్పులు చెప్పాం. కండక్టర్ అన్నీ విని, "ఇందులో మూలం ఏది?" అని అడిగేది. భుజాలు తిరుగుతున్నాయంటే తప్పు భుజంలో లేదు, పాదం తిరగడం లేదు కాబట్టి భుజం ఆ పని చేస్తోంది. వెనక్కి వాలుతున్నాడంటే చాలాసార్లు భయమే కారణం. అప్పుడు "ముందుకు వంగు" అంటే లాభం లేదు, ఇంకా చదునుగా ఉన్న చోటికి తీసుకెళ్ళాలి. ఈ చూపు అలవడటానికి మూడు రోజులు చాలవు. మా గ్రూపులో ఆ పంతొమ్మిదేళ్ళ అబ్బాయి ఇక్కడే తడబడ్డాడు. తనకు భయం ఎప్పుడు పోయిందో గుర్తులేని వయసులో నేర్చుకున్నాడు. నాకు మాత్రం ఆ మొదటి రోజు మోకాళ్ళ వణుకు నిన్నటిలా గుర్తుంది. ఆలస్యంగా నేర్చుకున్నందుకు అన్నేళ్ళు సిగ్గుపడ్డాను, ఆ రెండో రోజు సాయంత్రం నుంచి సిగ్గుపడటం మానేశాను.

రెండిట్లోనూ పాసయ్యాను. స్కీయింగ్‌లో ఎడమ మలుపు తొందరపడుతోందని రాసిచ్చారు.

సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. స్కీ స్కూళ్ళు మనుషుల్ని తీసుకునేది సాధారణంగా శీతాకాలం మొదలవకముందే, అక్టోబరు, నవంబరుల్లో. పిల్లలతో పని కాబట్టి పోలీసు వెరిఫికేషన్ అడిగారు. జీతం సంగతి సూటిగా చెప్పాలి. కాల్గరీ ఉన్న అల్బర్టా రాష్ట్రంలో కనీస వేతనం 2018 నుంచి గంటకు 15 డాలర్లు. నాకు మొదటి ఏడాది వచ్చింది దానికి కాస్త పైన, అంతే. సీజన్ పాస్ ఇచ్చారు, నాకు నిజంగా లాభం అదే. మొదట్లో శని, ఆదివారాలు పెద్ద ఇన్‌స్ట్రక్టర్ల వెనకే తిరిగి చూశాను. నాలుగైదేళ్ళ పిల్లల క్లాసులో సగం పని చేతి తొడుగులు వెయ్యడం, ముక్కులు తుడవడం, బాత్రూముకు తీసుకెళ్ళడం, తలలు లెక్కపెట్టుకోవడం. అది ఇష్టం లేకపోతే ఈ ఉద్యోగం వద్దు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇది చేద్దామని వచ్చేవాళ్ళకు ఒక మాట. కోర్సు చెయ్యడం వేరు, ఇక్కడ పనిచెయ్యడం వేరు. బ్రిటన్, ఆస్ట్రేలియా పిల్లలు చాలామంది వర్కింగ్ హాలిడే వీసా మీద వచ్చి ఒక సీజన్ నేర్పి వెళ్తారు. కెనడాతో ఆ ఒప్పందం ఉన్న దేశాల్లో ఇండియా లేదు. పనిచేసే అనుమతి ముందు చూసుకోండి, తర్వాత ఫీజు కట్టండి.

కోర్సులో చేరుతున్నానని ఫోనులో చెప్పినప్పుడు అమ్మ, "ఈ వయసులో కాలో చెయ్యో విరిగితే ఆఫీసుకు ఎట్లా పోతావే?" అంది. కిందటి జనవరిలో నా క్లాసు వీడియో పంపాను. అందులో ఉన్నది గుంటూరు నుంచి మనవడి దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన. అరవై మూడేళ్ళు. మనవడితో పాటు తనూ ఒకసారి జారాలని కోరిక. కొడుకు ఇంగ్లీషు ఇన్‌స్ట్రక్టర్ దగ్గర పెడదామంటే, తెలుగు అమ్మాయి ఉందని ఎవరో చెప్పారట.

"పడతానేమోనమ్మా," అన్నారు.

"పడినా ఇక్కడ దెబ్బ తగలదండీ, చదునుగానే ఉంది. ముందు ఒక్క కాలికే స్కీ వేద్దాం బాబాయిగారూ. రెండో కాలితో నెట్టుకుంటూ నడవండి."

ఆయన గంటసేపు నేను చెప్పినవి ఒక్కొక్కటే చేశారు. వెనక్కి వాలినప్పుడల్లా, "బూటు నాలుక మీద మీ కాలి ముందెముక ఆనుతోందా?" అని అడిగాను. ఆనితే చాలు, ఇంకేమీ చెప్పలేదు. చివర్లో మ్యాజిక్ కార్పెట్ అనే కదిలే పట్టీ మీద నిలబడి పైకి వెళ్ళి, పది మీటర్లు జారి, వెడ్జ్‌లో తనంతట తనే ఆగారు. కింద మనవడు చప్పట్లు కొట్టాడు. ఆయన నా వైపు తిరిగి, "ఇంకోసారి వెళ్దామా అమ్మా?" అన్నారు. అమ్మ ఆ వీడియో మా చిన్నాన్న వాళ్ళందరికీ పంపిందట.

ఈ కోర్సుకు నన్ను మార్కులు వెయ్యమంటే అయిదుకు నాలుగున్నర వేస్తాను. ఆ అర మార్కు తగ్గించింది, మూడు రోజులకు ఇంకో రెండు రోజులు కలిస్తే బాగుండుననిపించి. ముఖ్యంగా మనుషుల్ని చూసి చెప్పడం నేర్చుకోడానికి. స్కీయింగ్ పెంచుకోవాలని మాత్రమే అనుకునేవాళ్ళు ఆ డబ్బుతో మంచి ప్రైవేటు క్లాసులు తీసుకోండి, లాభం ఎక్కువ. ఎవరికైనా నేర్పాలని ఉన్నవాళ్ళు, నేర్చుకున్నప్పటి భయం ఇంకా మరిచిపోనివాళ్ళు నిస్సందేహంగా చేరండి. చలికాలం కోసం ఆగకుండా ఎండాకాలం నుంచే తొడలకు, చీలమండలకు వ్యాయామం మొదలుపెట్టండి. భోజనం డబ్బా కారులో వదలకండి, నా పెరుగన్నం రాయిలా గడ్డకట్టింది.

నేను లెవెల్ 2 మార్చిలో చేద్దామనుకుంటున్నాను. అందుకే ఆదివారాలు పొద్దున ఎనిమిదింటికే వెళ్ళి, పిల్లలు రాకముందు మ్యాజిక్ కార్పెట్ పక్కన వాలు మీద, నడిచేంత వేగంతో ఇరవై మలుపులు తిరుగుతున్నాను. కుడి మలుపు కుదిరింది. ఎడమది ఇంకా కొంచెం తొందరపడుతోంది.